నాన్నగారి అట్లాసు ఫ్రేముకి పౌడర్ కోటింగా, పెయింటా? శ్రీకాకుళం, విజయనగరంలో ఎవరైనా చేయించారా?

నాగావళి గట్టు
అందరికీ నమస్కారం. విషయం చిన్నదే కానీ నెల రోజులుగా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. మా నాన్నగారి అట్లాసు సైకిలు, 24 అంగుళాల ఫ్రేము, నలుపు, గొట్టాల మీద సన్నటి బంగారు గీతలు ఉండేవి. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస స్టేషనుకి పాతికేళ్లు దీని మీదే డ్యూటీకి వెళ్లొచ్చారు. రిటైరయ్యాక అరుగు మీద పెట్టేశారు, 2018లో తిత్లీ తుపానుకి అరుగు మీది రేకులు లేచిపోయి ఆ వానంతా దీని మీదే పడింది, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు కింద గొట్టం అంతా పొక్కులు, వేలితో నొక్కితే పెచ్చులు రాలుతున్నాయి.

దీంతో పాటు నా అల్యూమినియం హైబ్రిడ్ సైకిలు ఒకటి ఉంది, దానికి చైను పక్క రంగు చెక్కు రేగిపోయింది. రెండూ ఒకేసారి చేయించేద్దామని చూస్తున్నాను. ఊళ్లో గేట్లకి, గ్రిల్సుకి పౌడర్ వేసే షాపాయన ఫ్రేము, ఫోర్కు కలిపి 1500 అన్నాడు. కార్లకి టింకరింగు, పెయింటింగు చేసే ఆయన ఒక్క ఫ్రేముకే 3500 అడిగాడు. మా ఆవిడైతే "ఆ 3500కి ఇంకో సెకండ్ హ్యాండు సైకిలే వస్తుంది కదా" అంటోంది. ఏది చేయించమంటారు?

తగరపువలస రైడర్
పౌడర్. ఆలోచించక్కర్లేదు అన్నా. నాది మూడేళ్ల క్రితం వేయించాను, బస్సు మీద కట్టాను, గోడకి వాలేశాను, తాళం గొలుసు రోజూ కొట్టుకుంటుంది, గీత పడలేదు. పెయింటయితే మొదటి వారమే గోరు గీరినా లేచొస్తుంది. పైగా సగం రేటు.

కళింగపట్నం గాలి
ఆగండాగండి. నేనూ ఇలాగే "ఆలోచించక్కర్లేదు" అనుకునే వేయించాను. మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు లోపు. మొదటి ఏడాది అద్దంలా ఉంది, అందరికీ చూపించుకున్నాను. రెండో ఏడాది పెడళ్ల దగ్గర రాయి తగిలి చిన్న పెచ్చు లేచింది, బియ్యపు గింజంత. సర్లే అని వదిలేశాను. వానాకాలం వెళ్లాక చూస్తే ఆ గింజ చుట్టూ పొర ఉబ్బి ఉంది. స్క్రూడ్రైవరు మొన పెట్టి లేపితే ఉల్లిపొర ఊడినట్టు జానెడు ఊడొచ్చింది, కింద ఇనుమంతా ఎర్రగా ఉంది. పైకి నిగనిగలాడుతూనే లోపల్లోపల పాకేసింది. షాపు వాళ్లని అడిగితే "సముద్రం గాలి కదా సార్" అన్నారు. సముద్రం నేను వేయించిన తర్వాత వచ్చిందా ఏటి?

పెయింటయితే తుప్పు పట్టిన చోట కనీసం బుడగ కనిపిస్తుంది, అక్కడికక్కడ గీకి అద్దుకోవచ్చు.

గేట్లపనోడు
కళింగపట్నం బావూ, తప్పు పౌడరుది కాదు, పౌడరు కింద ఏమీ చెయ్యకపోవడానిది. నేను విజయనగరంలో ఒక కోటింగు యూనిట్లో ఆరేళ్లు గన్ను పట్టాను, కాస్త వివరంగా చెప్తాను, పెద్దదైతే తిట్టుకోకండి.

పౌడర్ అంటే పొడి రంగు. గన్ను దానికి కరెంటు చార్జి ఇస్తుంది, కొక్కేనికి వేలాడే ఫ్రేముకి ఎర్తింగు ఉంటుంది, పొడి వెళ్లి దానికి అతుక్కుంటుంది. తర్వాత ఓవెన్లో కరిగి, పారి, గట్టిపడుతుంది. పౌడర్ని బట్టి లోహం 180 నుంచి 200 డిగ్రీలకి చేరాక ఒక 10, 15 నిమిషాలు ఉండాలి. లోహం అంటున్నాను గమనించండి. చాలా చోట్ల ఓవెన్ మీటరు గాలి వేడి చూపిస్తుంది. పల్చటి గొట్టం త్వరగా వేడెక్కుతుంది, పెడళ్ల ఇరుసుండే మందపాటి గొట్టం ఆలస్యంగా వేడెక్కుతుంది. ట్రాలీ త్వరగా లాగేస్తే ఆ మందపాటి చోటే పచ్చిగా ఉండిపోతుంది, సైకిలుకి రాళ్లు తగిలేదీ అక్కడే. అనుమానం ఉంటే గుడ్డకి థిన్నరు పూసి ఓ మూల పాతికసార్లు రుద్దండి. గుడ్డకి రంగు బాగా అంటితే సరిగా కాలలేదన్నమాట.

ఇక కింద చెయ్యాల్సిన పని. మంచి యూనిట్లో ట్యాంకులుంటాయి, సెవెన్ ట్యాంకు అంటారు. జిడ్డు తీసేది, తుప్పు తీసే యాసిడ్, ఫాస్ఫేటింగు, చివర పాసివేషన్, మధ్యమధ్య నీళ్లు. ఆ ఫాస్ఫేటు పొర ఉంటేనే తుప్పు పక్కలకి పాకడం బాగా తగ్గుతుంది. చిన్న షాపుల్లో ఏం చేస్తారంటే థిన్నరు గుడ్డతో తుడిచి గన్ను కొట్టేస్తారు. ఇంటి లోపలి బీరువాకి అది నడిచిపోతుంది. కళింగపట్నం గాలికి నడవదు.

కానీ సైకిల్ ఫ్రేముతో ఇంకో తిరకాసు ఉంది, ఇది చాలామందికి తెలీదు. ఫ్రేము గొట్టాలకి లోపల చిన్న చిన్న గాలి కన్నాలుంటాయి. యాసిడ్ ట్యాంకులో ముంచితే అది లోపలికి పోతుంది, నీళ్లలో కడిగినా పూర్తిగా రాదు. ఆర్నెల్ల తర్వాత కన్నాల్లోంచి ఎర్ర నీరు కారుతుంది. అందుకే సైకిలుకి నేను ముంచమని చెప్పను. బ్లాస్టింగు, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి పాత రంగు, తుప్పు లేపెయ్యడం, అది చేయించి, దాని మీద జింక్ ప్రైమర్ పౌడర్ ఒక కోటు వేసి సగం కాల్చి, దాని మీద రంగు పౌడర్ వేయించండి. "జింక్ ప్రైమర్ ఉందా" అని అడిగితే సగం షాపులు తల అడ్డంగా ఊపుతాయి, అక్కడే మీకు అర్థమైపోతుంది.

ఇంకోటి, డబ్బా మీద ఏం రాసుందో చూడండి. ఎపాక్సీ, పాలిస్టర్ కలిపిన హైబ్రిడ్ పౌడర్ బీరువాలకి, ఇంట్లో సామాన్లకి. ఎండకి అది సుద్దలా తెల్లబారుతుంది. బయట తిరిగే సైకిలుకి ప్యూర్ పాలిస్టరే వేయించాలి.

నాగావళి గట్టు
గేట్లపనోడు గారూ చాలా థాంక్స్, ఇంత వివరం ఎవరూ చెప్పలేదు. మా షాపాయన్ని ఫోన్లో అడిగాను. జింక్ ప్రైమర్ లేదట. హైబ్రిడ్డా ప్యూరా అంటే "రెండూ ఒకటే సార్" అన్నాడు :( హైబ్రిడ్ సైకిలుకి ముదురాకుపచ్చ అడిగితే "ఆ రంగు గేటు ఏదైనా వచ్చేదాకా ఆగాలి" అంటున్నాడు. అదేంటి?

గేట్లపనోడు
అది మాత్రం నిజమే. పౌడర్ డబ్బా 20, 25 కిలోలు వస్తుంది. ఒక ఫ్రేముకి అరకిలో కూడా అవ్వదు. మీ ఒక్కరి కోసం డబ్బా విప్పి, గన్ను, బూత్ అంతా కడిగి రంగు మార్చాలంటే ఎవరికీ గిట్టదు. మీకు కావాల్సింది రంగుల నంబర్లలో రాల్ 6005 అయ్యుంటుంది, ఆ పచ్చ గేట్లు అప్పుడప్పుడు వస్తాయి. నలుపు రాల్ 9005 అయితే రోజూ నడుస్తూనే ఉంటుంది. అందుకే మా యూనిట్లో తిరిగే సైకిళ్లన్నీ నల్లవే, కాకపోతే ఎవరో ఆసామి గేటు రంగువి.

టింకరింగు బాబాయ్
అబ్బాయ్, నేను ముప్పై ఏళ్లు కార్లకి రంగులేశాను, ఇప్పుడు మోకాళ్లు సహకరించక మానేశాను. అల్యూమినియం సైకిలు సంగతి నాకు తెలీదు, పౌడరే వేయించుకో. కానీ మీ నాన్నగారి అట్లాసుని మాత్రం ఓవెన్లో పెట్టకు.

ఎందుకో చెప్తా విను. ఆ ఫ్రేములో గొట్టాలు కలిసే చోట లగ్గులు, అంటే వాటిని కలిపే లోహపు తొడుగులుంటాయి, వాటి అంచులు కోణంగా తీర్చి ఉంటాయి. ఆ సైకిలు అందమంతా ఆ అంచుల్లోనే ఉంది. పౌడర్ పొర 60 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంచులన్నీ నిండిపోయి గుండ్రంగా, బెల్లం పాకంలో ముంచి తీసినట్టు అవుతుంది. లోపలి మూలల్లో మాత్రం పొడి సరిగా దిగదు, కరెంటు చార్జి అంచులకే లాగుతుంది, మూలలకి పోదు. అంటే కావాల్సిన చోట తక్కువ, వద్దన్న చోట ఎక్కువ. కారు రంగు పల్చగా పడుతుంది, మూలలో కూడా చెయ్యి తిప్పి కొట్టుకోవచ్చు.

రెండు, సొట్టలు. పాత సైకిలుకి సొట్టలుండకుండా ఉండవు. మామూలు పుట్టీ పెట్టి ఓవెన్లోకి పంపితే ఆ వేడికి ఉబ్బి పగులుతుంది. రంగు కింద అయితే హాయిగా పెట్టుకోవచ్చు.

మూడు, ఆ బంగారు గీతలు. వాటిని రంగు మీద వేసి పైన రంగులేని క్లియరు కొడితే పదేళ్లుంటాయి. పౌడరు మీద కూడా వెయ్యొచ్చు, కాదనను, కానీ మళ్లీ దాని మీద క్లియరు పట్టాలంటే మొత్తం వాటర్ పేపరుతో గరుకు చెయ్యాలి. ఆ పనేదో చేసేటప్పుడు పౌడరెందుకు?

టూకే పీయూ రంగు, అంటే హార్డెనరు కలిపి కొట్టే పాలీయూరిథేను రంగు వేయించు. ముందు ఎపాక్సీ ప్రైమరు, తర్వాత నునుపు కోసం సర్ఫేసరు, దాన్ని 400, 800 పేపరుతో నీళ్లు పెట్టి రుద్దు, తర్వాత బేస్, చివర క్లియర్. కోటుకీ కోటుకీ మధ్య ఆరనివ్వాలి. చౌకగా ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగు కొడతానంటే ఒప్పుకోకు, పెట్రోలు చుక్క పడితే పాడైపోతుంది. ఇంకో మాట, ఆ హార్డెనరులో ఐసోసయనేటు ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. మూతికి తువ్వాలు కట్టుకుని ఇంట్లో కొడతాననకు. మేం ఆ రోజుల్లో అలాగే కొట్టాం, దాని ఫలితం రాత్రుళ్లు దగ్గుతున్నాను.

తగరపువలస రైడర్
బాబాయ్ గారూ మీ మీద గౌరవం ఉంది కానీ పదేళ్లు ఉంటుందంటే నమ్మడం కష్టం. కారు గోడకి వాలదు. సైకిలు రోజూ వాలుతుంది.

టింకరింగు బాబాయ్
వాలితే గీత పడుతుంది, నిజమే. చిన్న సీసాలో అదే రంగు కొంచెం దాచుకుని కుంచెతో అద్దుకుంటావు. పౌడరు గీత పడితే ఏం అద్దుతావు? నెయిల్ పాలిషా?

తగరపువలస రైడర్
నిజంగా నెయిల్ పాలిషే అద్దాను ఒకసారి 😅 నలుపులో నలుపు, ఎవరికీ తెలీలేదు.

కోట జంక్షన్
నాదొక పిచ్చి సలహా. రెడ్ ఆక్సైడు కొట్టి, దాని మీద నల్ల ఎనామిల్ కుంచెతో రెండు కోట్లు. మా మేడ మెట్ల గ్రిల్లుకి అదే. మొత్తం 400 రూపాయలు. ఉత్సాహం ఉంటే సిరిమానోత్సవానికి ఏటేటా కొత్త కోటు.

లెక్కల మాస్టారు
నవ్వులాటగా అన్నా కోట జంక్షన్ గారి మాటలో కొంత ఉంది, ఎనామిలు ఏటా వేసుకోగలిగితే ఇనుము బతికిపోతుంది. కుంచె గీతలు కనిపిస్తాయి, ఆరడానికి రోజు పడుతుంది, ఆ రోజంతా వీధి దుమ్ము అంటుతుంది, అంతే.

నాగావళి గారూ, మీ అల్యూమినియం ఫ్రేము గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. సైకిళ్లలో ఎక్కువగా వాడే 6061 మిశ్రమాన్ని వెల్డింగు తర్వాత వేడి చేసి గట్టిపరుస్తారు, టీ6 అంటారు. ఆ ఆఖరి వేడి సుమారు 160 నుంచి 180 డిగ్రీల మధ్య, కొన్ని గంటల పాటు ఉంటుంది. కాబట్టి 200 లోపు, పావుగంట, ఇరవై నిమిషాల ఓవెన్ వల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదు. కానీ అంతకు మించితే బలం తగ్గడం మొదలవుతుంది. కొన్ని షాపుల్లో పాత పౌడర్‌ని కొలిమిలో పెట్టి కాల్చి తీసేస్తారు, అక్కడ 400 డిగ్రీల దాకా వెళ్తుంది. అల్యూమినియం ఫ్రేముని అందులో పెట్టారంటే దాని మీద ఎక్కకండి, చెప్తున్నాను. రంగు తీయడానికి కెమికల్ రిమూవరో, సన్న బ్లాస్టింగో మాత్రమే. ఇనుము ట్యాంకుల్లో కూడా ముంచనివ్వకండి, అల్యూమినియాన్ని ఆ యాసిడ్ తినేస్తుంది. కొత్త సైకిలయితే కంపెనీ వారంటీ కూడా చూసుకోండి, మళ్లీ కోటింగు చేయిస్తే చాలా కంపెనీలు ఒప్పుకోవు.

ముందు సస్పెన్షన్ ఫోర్కు ఉంటే విప్పి ఇంట్లో పెట్టుకోండి. లోపల రబ్బరు సీళ్లు, నూనె ఉంటాయి. ఓవెన్‌కి పంపడమంటే కుక్కర్లో ప్లాస్టిక్ డబ్బా పెట్టడమే. కార్బన్ ఫోర్కు కూడా అంతే.

బ్లాస్టింగు కూడా చూసుకోవాలి. గేట్లకి వాడే ముతక గ్రిట్టుతో పూర్తి ప్రెషరులో కొడితే పల్చటి గొట్టాలు పాడవుతాయి. సన్నటి గార్నెట్ గాని, గాజు పూసలు గాని, తక్కువ ప్రెషరులో. గార్నెట్ అంటే ఎక్కడో దొరికేది కాదు, మన భీమిలి నుంచి భావనపాడు దాకా తీరంలో ఇసుకలో ఎర్రగా మెరిసేది అదే. అలా అని బీచి ఇసుక బస్తాలో తెచ్చి కొట్టించకండి, అందులో ఉప్పుంటుంది, పైగా మామూలు ఇసుక దుమ్ము పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

నాగావళి గట్టు
మాస్టారూ, బాబాయ్ గారూ, ధన్యవాదాలు. చాలా టెన్షన్ పెట్టారు కానీ మంచికే.

ఈ వారం జరిగింది చెప్తాను. అట్లాసుని బ్లాస్టింగుకి ఇచ్చాను. సాయంత్రం నాలుగింటికి ఫ్రేము వెండిలా బయటికొచ్చింది, నేనెప్పుడూ దాన్ని అలా చూడలేదు. చూస్తే సీటు గొట్టం లగ్గు వెనక సన్నటి గీత, వెంట్రుకలాంటిది. మురికి అనుకుని గోరుతో గీరాను, పోలేదు. పగులు. పాత రంగు కింద ఎన్నేళ్ల నుంచి ఉందో మరి. అలాగే రంగేసేసి ఉంటే మా అబ్బాయి దాని మీద ఊరంతా తిరిగేవాడు.

ఇంకో పొరపాటు నాదే. పగులు చూసే హడావిడిలో ప్రైమర్ వేయించలేదు. ఇంట్లో అరుగు మీద పెట్టి పొద్దున్న చూస్తే వెండి పోయి పసుపు నీళ్లు చల్లినట్టు ఎర్రటి పొర. ఒక్క రాత్రికి!

గేట్లపనోడు
అదే చెప్పడం మర్చిపోయాను, క్షమించండి. బ్లాస్టింగు అయిన ఇనుము మీద ఏ రక్షణా ఉండదు. మన నాగావళి తేమకి కొన్ని గంటలు చాలు. అదే రోజు కోటు పడాలి, అదీ వట్టి చేత్తో ముట్టకుండా, చేతి చెమట ముద్రలు కూడా తుప్పు పడతాయి. మళ్లీ ఒకసారి తేలిగ్గా కొట్టించండి.

టింకరింగు బాబాయ్
పగులుకి ఆర్కు వెల్డింగు వద్దు. ఆ లగ్గులు ఇత్తడితో అతికినవి. గ్యాసు వెల్డింగాయన దగ్గర ఇత్తడి కడ్డీతోనే కరిగించి నింపించు. ఆ తర్వాత ఫ్లక్సు గాజులా గడ్డకట్టి ఉంటుంది, వేడినీళ్లలో నానబెట్టి పూర్తిగా గీకెయ్యి, కొంచెం మిగిలినా దాని మీద రంగు నిలవదు. ఎక్కువ పగులైతే గోడకి తగిలించుకో, తొక్కకు.

కళింగపట్నం గాలి
ఏ రంగు వేయించినా గొట్టం లోపల ఎవరు చూస్తారు? నా రెండో సైకిలు లోపల్నుంచే తిన్నది.

లెక్కల మాస్టారు
మంచి మాట. లోపలికి రంగూ పోదు, పౌడరూ పోదు. అన్ని పనులూ అయ్యాక సీటు గొట్టంలోంచి క్యావిటీ వ్యాక్సు (గొట్టాల లోపలికి కొట్టే మైనం) స్ప్రే గాని, ఏమీ లేకపోతే వాడేసిన ఇంజను ఆయిల్ గాని పోసి, ఫ్రేముని అటూ ఇటూ తిప్పి, మిగిలింది కారిపోనివ్వండి. పెడళ్ల గొట్టం అడుగున కన్నం మూసుకుపోకుండా చూసుకోండి, నీళ్లు బయటికి పోవాల్సింది అక్కడే.

గేట్లపనోడు
అల్యూమినియం ఫ్రేము కోటింగుకి పంపే ముందు ఒక్క పని. పెడళ్ల గొట్టం మరల్లో పాత బేరింగు కప్పులు బిగించి పంపండి, మరలు శుభ్రంగా ఉంటాయి. ఇంగ్లీషు మరల ఫ్రేమయితే కుడి పక్కది రివర్స్ మర, బలవంతంగా తిప్పి పాడు చేసుకోకండి. హ్యాండిల్ కప్పులు కూర్చునే చోటు, డిస్కు బ్రేకు బిగించే చదును, వెనక గేరు తగిలించే మర, ఇవన్నీ వేడి తట్టుకునే టేపుతో మూయించండి. షాపువాడు "మేం చూసుకుంటాం" అంటాడు. వాడు చూసుకోడు. గేటుకి మరలుండవు కదా.

చక్రం ఇరుసు నట్టు కూర్చునే చోట కూడా పౌడరు గీకేయించండి. మందపాటి పొర మీద నట్టు బిగిస్తే కొన్నాళ్లకి పొర నలిగి నట్టు వదులవుతుంది.

నాగావళి గట్టు
రెండు నెలలు మాయమైనందుకు సారీ. రెండూ అయిపోయాయి.

హైబ్రిడ్ సైకిలుని విశాఖ ఆటోనగర్ తీసుకెళ్లి పౌడర్ వేయించాను. అక్కడ ప్యూర్ పాలిస్టర్ డబ్బా కళ్లతో చూశాకే ఇచ్చాను. పచ్చ దొరకలేదు, గేట్లపనోడు గారు చెప్పినట్టే నలుపు. థిన్నరు గుడ్డ పరీక్ష చేస్తుంటే అక్కడి కుర్రాడు నన్ను ఇన్‌స్పెక్టర్ అనుకున్నాడు. ఒక మరలో కొంచెం పౌడరు పోయింది, ట్యాప్‌తో మర మళ్లీ తీయించాల్సొచ్చింది. మిగతా అంతా బాగుంది.

అట్లాసుకి పగులు చిన్నదే, ఇత్తడి వేయించి, మళ్లీ బ్లాస్టింగు చేయించి, ఆ సాయంత్రమే ఎపాక్సీ ప్రైమరు. రంగు నల్ల టూకే, గుజరాతీపేటలో తెలిసినాయన దగ్గర. బేరమాడితే 3000కి వచ్చాడు. మధ్యలో నాలుగు రోజులు ముసురు పట్టి పని ఆగింది, తేమలో కొడితే తెల్లబారుతుందని ఆయనే ఆపాడు, అక్కడే ఆయన మీద నమ్మకం కుదిరింది. బంగారు గీతలకి లైనింగు వేసేవాళ్లు ఎవరూ దొరకలేదు. చివరికి ఫ్లెక్సీలొచ్చాక పని తగ్గిన ఒక బోర్డులు రాసే పెద్దాయన ఒప్పుకున్నాడు. స్కేలు లేకుండా, చిటికెన వేలు గొట్టానికి ఆనించి, ఊపిరి బిగబట్టి లాగాడు. ఒక గీత కాస్త వంకర ఉంది, తుడిచేస్తానన్నాడు, నేనే వద్దన్నాను.

లెక్కల మాస్టారి సలహా ప్రకారం లోపల ఇంజను ఆయిల్ పోశాను, రెండు రోజులు అరుగంతా కారింది, ఇంట్లో ఇంకా మాట్లాడటం లేదు.

నిన్న నాన్నగారికి చూపించాను. కళ్లజోడు తుడుచుకుని చుట్టూ ఒకసారి తిరిగారు. "బాగుంది. బెల్లు ఏదిరా?" అన్నారు.

తగరపువలస రైడర్
ఫోటో పెట్టన్నా! ఆ వంకర గీత కూడా కనిపించేలా.

కోట జంక్షన్
పాత రకం ఇత్తడి బెల్లు మూడు లాంతర్ల దగ్గర ఒక కొట్లో చూశాను పోయిన నెల. ఉందేమో కనుక్కుని చెప్తాను. పెడల్ కడ్డీల్ని ఇరుసుకి బిగించే కాటర్ పిన్నులు కూడా కావాలా?

నాగావళి గట్టు
కావాలి. రెండు. పాతవి సుత్తి దెబ్బలకి వంగిపోయాయి.